మరక మీద సుద్దముక్క

నేను ఒక సుద్దముక్కను. పేరు అడగకండి, పెట్టెడు మందిమి ఒకే పోతలో పుట్టాం, ఎవరికీ పేర్లు పెట్టలేదు. మీ పేర్లు మాత్రం నాకు తెలుసు. కార్ఖానా ఆసామి అంబదాసూ! మనుషులు నడిచే దారిలో కొత్త సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, ఇరికించింది నువ్వు. వాటి పళ్ల చక్రాలకు మూతలు పెట్టనిది నువ్వు. పెద్దసారూ! తెల్లబట్టల మీద గ్రీజు మరక ఉందని ఎనిమిదో తరగతి ఆడపిల్లను నీళ్ల నల్లా దగ్గర ఎండలో నిలబెట్టింది మీరు. ఆ మరక రోజూ ఆ ఒక్కచోటే ఎందుకు పడుతోందని మీ ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా? అడగలేదు. ఇద్దరూ దోషులే. మూడో దోషి కూడా ఉన్నాడు. ఆ మరకను తెల్లగా కప్పేసి, ఏమీ లేదని ఊరందరినీ నమ్మించి, పైగా రొమ్ము విరుచుకున్న పెద్దమనిషి. వాడి గొప్పలు వినాలంటే ఈ కథ చివరిదాకా వినాలి. వాడు నేనే.

నున్నగా మాట్లాడటం నాకు రాదు. నా చదువంతా నల్లబల్ల మీద అబ్బిందే, అందులో సగం డస్టరు తుడిచేసింది. మిగిలిన సగంతోనే ఈ వాదన. తప్పులుంటే దిద్దుకోండి, ఎర్ర సిరా మీ దగ్గరే ఉంటుంది.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. తెల్లపొడిని నీళ్లలో కలిపి అచ్చుల్లో పోస్తారు. పోసేముందు, మేము అచ్చుకు అంటుకోకుండా ఊడిరావాలని కిరసనాయిలూ పల్లినూనే కలిపి గుడ్డతో లోపలంతా పులుముతారు. అంటే నేను కళ్లు తెరిచిందే జిడ్డులో. జిడ్డు మీద యుద్ధం చేసిన వీరుణ్నని ఇకముందు నేను ఎక్కడ కోతలు కోసినా ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. అచ్చుల్లోంచి తీసి మమ్మల్ని ఎండలో చెక్కల మీద పరిచారు. పరిచే ఆడవాళ్ల చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉండేవి. మనం తాకితే మనుషులు కూడా తెల్లబడతారని మేము మురిసిపోయాం. వాళ్లు పనిచేస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉండేవాళ్లు. మా మురిపెంలో ఆ దగ్గు ఎవరికీ వినబడలేదు. పెట్టె మీద ‘దుమ్ము రాలని సుద్దముక్కలు’ అని అచ్చు వేశారు. ఆ పెట్టె మూత మూస్తూనే మూసినామె గట్టిగా తుమ్మింది. నా గురించి రాసిన మొదటి మాటే అబద్ధం. ఆ తర్వాత నేను దాన్నే నిలబెట్టుకుంటూ వచ్చాను.

బజారులో కొట్టువాడు మా పెట్టెను అగరొత్తుల పక్కన పెట్టాడు. అక్కడ కొన్నాళ్లుండేసరికి ఒంటికి వాసన పట్టింది, దాంతోపాటు నాకు కాస్త పవిత్రత కూడా పట్టిందనుకున్నాను. తర్వాత ఒక ప్రైవేటు బడి అటెండరు వచ్చి పెట్టెను సంచిలో పడేసుకున్నాడు. ఇంకేముంది, దేశానికి చదువు చెప్పబోతున్నానని ఉబ్బిపోయాను.

లెక్కల సారు నన్ను తీసి బల్ల మీద ఒక గీత గీశాడు. ఆ మొదటి గీతకే రెండుగా విరిగాను. ఆ రెంటిలో నేనెవరని అడిగితే అది వేదాంతం. మాట్లాడుతున్న ముక్క నేననుకోండి, పని జరుగుతుంది. ఆ సారు నన్ను రాయడానికి వాడింది తక్కువ, విసరడానికి వాడింది ఎక్కువ. వెనక బెంచీల్లో ఎవరికి కునుకు పట్టినా నేను గాల్లోకి లేచేవాణ్ని. సాంచాల చప్పుడులో నిద్రపోని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు వాళ్లు. బడిలో కాక ఎక్కడ నిద్రపోతారు? ఆ ఊరంతా సాంచాలే. ఒకరోజు సారు గురి తప్పి, నేను జోషిత అనే పిల్ల బెంచీ కింద పడ్డాను. ఆమె అటూ ఇటూ చూసి నన్ను తీసి కంపాస్ పెట్టెలో దాచుకుంది. చదువు మీద ప్రేమతో దాచుకుందనుకున్నాను. శనివారం దాకా ఆ భ్రమలోనే బతికాను.

జోషిత వాళ్లది నేత కుటుంబం. తండ్రి శ్రీహరి అంబదాసు కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. తల్లి స్వరూప, నానమ్మ నర్సవ్వ కండెలు చుడతారు, అంటే సాంచాలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే పుల్లలకు దారం చుట్టి ఇస్తారు. వాళ్లుండే రెండు గదులు కార్ఖానా వెనకే. వీధిలోకి పోవడానికి పక్కన ఒక సందు ఉండేది. అంబదాసు ఆ సందు నిండా పడుగు చుట్టే పాత బీములూ నూలు బస్తాలూ కుక్కాడు. ఇక మిగిలింది కార్ఖానా లోపలి దారి. కొత్త సాంచాలు రాకముందు అదీ మనిషి నడిచేంత వెడల్పుగా ఉండేదట. ఇప్పుడు అక్కడ నడవాలంటే పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకు తిరిగి జరగాలి. చివరి సాంచా దగ్గర పళ్ల చక్రం దారిలోకే ఉంటుంది. దానికి పొద్దున్నే గ్రీజు పెట్టేది శ్రీహరే. తండ్రి పెట్టిన గ్రీజు కూతురి కుడి తుంటి మీద అచ్చు పడుతుంది. మామూలు రోజుల్లో యూనిఫారం ముదురు నీలం, ఎవరి కంటా పడదు. శనివారం తెల్లబట్టలు.

ఆ తెల్లగుడ్డను నేసేదీ ఆ ఊరి సాంచాలే. ఎన్నో బళ్లకు యూనిఫారం గుడ్డ అక్కడి నుంచే పోతుంది. ఎక్కడెక్కడి పిల్లలో దాన్ని తొడుక్కుని మెరిసిపోతారు. నేసినవాడి బిడ్డ ఒంటి మీద మాత్రం అది గడప దాటేలోపే మురికవుతుంది. నేను నల్లబల్ల మీద చూసిన లెక్కల్లో ఈ లెక్క ఎక్కడా రాలేదు.

స్వరూప చేయని ప్రయత్నం లేదు. సర్ఫులో నానబెట్టింది. బ్రష్షు పట్టి పోగులు లేచేదాకా రుద్దింది. నిమ్మచెక్కలు అరగదీసింది. కిరసనాయిలు పూసింది, మరక కాస్త పలచబడింది గానీ బడిలో జోషిత పక్కన కూర్చున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఉతికి ఆరేసిన చోట నిలబడి ఆ తల్లీకూతుళ్లు వాదించుకోవడం నేను కంపాస్ పెట్టెలోంచి విన్నాను.

“ఏందే ఇది, మళ్ల గీడ్నేనా? కండ్లు నెత్తికెక్కినయా?”

“నెత్తి మీద కండ్లు లేవమ్మా, సంచి ఉన్నది. నేనేం జెయ్యాలె, జాగ ఉంటె గద?”

“జర ఒదిగి పోవాలె.”

“ఇంకెంత ఒదగాలె? గోడల దూరాల్నా?”

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే స్వరూప కూడా చేసింది. పిల్ల నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

ఇక నా రంగప్రవేశం. శనివారం పొద్దున్న, ప్రార్థన గంటకు ముందు, జోషిత బడి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి కంపాస్ పెట్టె తెరిచింది. నన్ను తీసి తుంటి మీది మరకకు అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా రుద్దింది. మరక మాయం! నల్లగా, జిడ్డుగా, కొవ్వెక్కి కూర్చున్న గ్రీజు నా కింద అణిగిపోయింది. ప్రార్థన వరుసలో పెద్దసారు జోషిత పక్క నుంచే నడిచిపోయాడు, ఏమీ అనలేదు. నేను పాఠాలు చెప్పడానికి పుట్టలేదని, ఆడపిల్లల పరువు కాపాడటానికి పుట్టానని ఆ క్షణంలో నిర్ణయించేసుకున్నాను. సబ్బుకు చేతకానిది, నిమ్మకాయకు చేతకానిది, గోరంత ముక్కను నేను చేశాను కదా! ఆ వారమంతా కంపాస్ పెట్టెలో రబ్బరుతో, పెన్సిలు ముక్కతో నేను మాట్లాడిన తీరు చెప్పుకోవడానికి ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. కోణమానినికైతే ఎదురుగానే చెప్పాను, నువ్వు కొలుస్తావు, నేను మారుస్తాను అని.

తర్వాతి శనివారం డ్రిల్లు పెట్టారు. ఎండ. చెమట. పిల్లలంతా ఒక్కసారి వంగి లేచారు. జోషిత నడుము దగ్గర నుంచి తెల్లని దుమ్ము బుస్సున లేచింది. నేనే.

“సార్, జోషితకు పొగ ఒస్తున్నది!” అని వెనక నుంచి ఒక పిల్లాడు కేక పెట్టాడు. వరుసంతా పకపకా నవ్వింది. రెండోసారి వంగి లేచేసరికి నేను పూర్తిగా రాలిపోయాను. చెమటకు తడిసిన చోట మిగిలిన పొడి పేస్టులా అయి, మరక చుట్టూ తెల్లని అంచు కట్టింది. ముందు మరక ఒక్కటే కనిపించేది. ఇప్పుడు దానికి ఫ్రేము కూడా కట్టి పెట్టాను.

పెద్దసారు వచ్చాడు. “మరక ఒక తప్పు. దాన్ని దాచడం ఇంకో తప్పు. తెల్లబట్టలు క్రమశిక్షణకు గుర్తమ్మా!”

“సార్, అది మా ఇంటి దారిల...”

“నాకు కారణాలు చెప్పకు. పో, నల్లా దగ్గర నిలబడు.”

ఆయన చొక్కా జేబు దగ్గర పెన్ను కారి నీలం సిరా మరక ఒకటి అరచేయంత పరుచుకుని ఉంది. అది చదువుకున్న మరక కాబోలు, చెల్లుతుంది. జోషిత నల్లా దగ్గర నిలబడింది. లోపల లెక్కల క్లాసు జరుగుతోంది. సారు అడిగిన ప్రశ్నకు లోపల ఎవరూ జవాబు చెప్పకపోతే ఆమె బయట నుంచి పెదాలు కదిపి చెప్పుకుంటోంది. పిడికిట్లో నేను ఉన్నాను. ఆమె చెమటకు కొంచెం కొంచెంగా కరుగుతున్నాను. వీరుడు!

ఈ సంగతి ఇంట్లో తెలియగానే నర్సవ్వ చుడుతున్న కండె ఆపింది.

“నల్లా కాడ నిలబడెటందుకా బడికి తోలేది? వచ్చే శనివారం గూడ గిట్లనే నిలబెడితె ఇగ బడి బందు. నా పక్కన కూసొని కండెలు చుడతది. నేను గీ యీడుల చుట్టలేదా?”

“బాపమ్మా, నాకు లెక్కలల్ల మంచిగ మార్కులొస్తున్నయి.”

“కండెలు లెక్కవెడుదువు గని తియ్యి.”

శ్రీహరి పళ్లెంలోంచి తల ఎత్తలేదు. స్వరూప కూతురి పిడికిలి తెరిచి నన్ను తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. “దీంతోనేనా కప్పినవ్? మంచిగనే తెల్లగయిందా?” అంది. ఆ గొంతులో ఆశ విని నేను మళ్లీ ఉబ్బాను. బుద్ధి రాదు నాకు.

మర్నాడు స్వరూప ఒక తెలివైన పని చేసింది. అలా తెలివైన పని చేస్తున్నాననుకుని చేసే పనులు నాకు బాగా తెలుసు, నా బతుకంతా అవే. ఆ తెల్ల యూనిఫారం టాపు మీది మరకపై నన్ను దట్టంగా రుద్దింది. పొడి రాలిపోతోంది కదా, అతుక్కోవాలంటే ఇస్త్రీ చేస్తే సరి అనుకుంది. వాళ్లింట్లో ఇస్త్రీపెట్టె లేదు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, చెంబు మెడకు గుడ్డ చుట్టి పట్టుకుని, దాని అడుగుతోనే బడి బట్టలు సాపు చేస్తారు. ఆ వేడి చెంబు నా మీదికి దిగింది. గ్రీజు కరిగింది. కరిగి గుడ్డకు అటువైపు దిగింది, నన్ను కూడా తనతో తీసుకుపోయింది. చెంబు ఎత్తేసరికి తుంటి మీద రూపాయంత ఉన్న మరక అరచేయంత అయింది. మధ్యలో నలుపు, చుట్టూ పసుపు, అంచున నేను. నర్సవ్వ వచ్చి చూసింది.

“ఏందే కోడలా, అట్టు వోసినవా?”

స్వరూప కూర్చుండిపోయింది. ఆ టాపు ఒక్కటే ఉంది పిల్లకు.

అయితే ఆమె లేచింది. గుడ్డను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. చెంబు తగలకుండా మిగిలిన ఒక మూల నా పొడి నల్లబడి ఉంది, దాని కింద గుడ్డ మాత్రం తేటపడింది. అంటే నేను గ్రీజును కప్పిన చోట ఏమీ జరగలేదు, తాగిన చోట పని జరిగింది. ఈ సంగతి నాకే తెలియదు! స్వరూప కత్తితో నన్ను గీకి పొడి చేసింది. తడి తగలనివ్వలేదు. పొడి గుడ్డ మీద ముందువైపూ వెనకవైపూ నన్ను దట్టంగా వేసి, మీద సన్నికల్లు పెట్టి వదిలేసింది. పొడి బూడిదరంగు తిరిగాక దులిపింది. మళ్లీ కొత్త పొడి వేసింది, మళ్లీ దులిపింది. గ్రీజు జిగట పోయి ఒట్టి నీడ మిగిలాక, గిన్నెలు తోమే సబ్బును అరచేతిలో మెత్తగా చేసి వేళ్లతో పట్టించింది, బ్రష్షు జోలికి పోలేదు. కాసేపాగి గోరువెచ్చని నీళ్లు వెనకవైపు నుంచి పోసింది, లోపలున్నది బయటికి తోసుకు రావాలని. నీడ ఉన్నంతకాలం ఎండకు వెయ్యలేదు, చెంబు చూపించలేదు. సబ్బూ నీళ్లూ మళ్లీ మళ్లీ పడ్డాక శుక్రవారానికి మరక పోయింది. నిజంగానే పోయింది.

నేనూ పోయాను, చాలావరకు. మిగిలింది చిటికెన వేలి చివరంత. అయినా మనసులో ఊరేగింపు తీసుకున్నాను. చూశారా, కప్పేవాణ్ని కాదు, కడిగేవాణ్ని! అనుకున్నాను. నా దగ్గర ఇంకో ముక్క ఉంటే విగ్రహం చెక్కించుకునేవాణ్ని.

ఇక ఈ పొద్దున సంగతి.

శనివారం. జోషిత టాపు తొడుక్కుని, తెల్ల చున్నీకి భుజాల మీద పిన్నులు పెట్టుకుంది. స్వరూప కూతుర్ని గుమ్మం దగ్గర వెలుతురులో తిప్పి చూసుకుంది. “మల్లెపువ్వు లెక్క ఉన్నవ్. ఇయ్యాల ఎవ్వడు నిలవెడతడో జూస్త,” అంది. ఎందుకైనా మంచిదని జోషిత నన్ను పిడికిట్లో పట్టుకుంది. సంచి నెత్తిన పెట్టుకుని కార్ఖానాలోకి అడుగుపెట్టింది. సాంచాలన్నీ దడదడమని నడుస్తున్నాయి. అటు చివర శ్రీహరి తెగిన పోగు అతుకుతూ వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. జోషిత పక్కకు తిరిగింది. ఈసారి తుంటి చక్రానికి తగలకూడదని వెన్ను గోడకు అదిమి, మునివేళ్ల మీద జరిగింది. తుంటి మీదే ధ్యాస. చున్నీ ముందుకు జారింది. ఆమె చూసుకోలేదు. చక్రం చూసుకుంది.

పళ్ల మధ్యకి చున్నీ కొస పోవడం నేను చూశాను. నేను అరిచినా వినేదెవరు? పిల్ల మెడ ముందుకు వంగింది. నెత్తి మీది సంచి కింద పడింది. టప్పుమని భుజం పిన్ను ఊడింది, రెండోది కూడా ఊడింది, చున్నీ మెడ మీద నుంచి సర్రున జారి, ఎక్కడో చిరిగి, చక్రం నోట్లో ఒక ముక్కను వదిలేసి వచ్చేసింది. జోషిత చున్నీ పట్టుకుని వెనక్కి ఇంట్లోకి పరిగెత్తింది. ఆ పరుగులో తుంటి చక్రానికి రాసుకుంది.

స్వరూప కంటికి ముందు పడింది తుంటి. “మళ్లనా!” అని చెయ్యెత్తింది. అప్పుడు చున్నీ కనిపించింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. చున్నీకి కొస లేదు. ఆమె ఆ చిరిగిన అంచును చూసింది, కూతురి మెడను చూసింది, మళ్లీ అంచును చూసింది.

తర్వాత ఆమె కార్ఖానాలోకి నడిచి, చివరి సాంచా హ్యాండిల్ పట్టి లాగింది. అది ఆగింది. పక్కదాన్ని లాగింది. వరుసగా ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయింది. ఆ ఊళ్లో చప్పుడుకు ఎవరూ లేవరు, చప్పుడు ఆగితే లేస్తారు. ఆసామి అంబదాసు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఆసామి అంటే సేటు దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచాల మీద బట్ట నేయించి ఇచ్చేవాడు. సేటుకు జవాబు చెప్పుకునేదీ వాడే.

“ఎవలాపిండ్రు?”

“నేనే ఆపిన, అంబదాసన్నా.”

“నీకేం పుట్టిందమ్మా? అవుతల సేటు మాలు అడుగుతున్నడు. శ్రీహరీ, ఏం జూస్తున్నవ్? షురూ జెయ్యి.”

శ్రీహరి భార్య చేతిలోని చున్నీని చూస్తున్నాడు. చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “చేతులకు గ్రీజున్నదన్నా. హ్యాండిల్ జారుతది.”

“ఎన్నడు లేదురా గ్రీజు?”

“ఎప్పుడూ ఉంటది. ఇయ్యాల జారుతున్నది.”

స్వరూప చున్నీని అంబదాసు ముందు చాచింది. “కొస మింగింది. పిన్నులు ఊడకపోతె మెడ మింగేది.”

“పిల్లను జూస్కొని పొమ్మనాలె గని, గింతదానికి సాంచాలు బందు వెడతరా? మరకలు పడతయి, కడుక్కోరాదు?”

“కడిగి కడిగి నా చేతులరిగినయి. ఇగ నీ చక్రం సంగతి జూడు.”

“సోమారం జూద్దాం తియ్యి.”

“గట్లయితె సాంచాలు గూడ సోమారమే నడుస్తయి.”

శ్రీహరి మూలనున్న ఖాళీ గ్రీజు డబ్బా తెచ్చాడు. కత్తెరతో కోశాడు, సుత్తితో వంచాడు, సాంచాకు ఉన్న బోల్టులకే చక్రం మీద బిగించాడు. అంబదాసు చేతిలో చాయ్ ఇంకా చల్లారలేదు. ఇంతేనా పని? ఇంత పని కోసమేనా ఆ పిల్ల రోజూ పొట్ట పీల్చుకుని, గోడకు అతుక్కుని పోయింది, ఆ తల్లి వేళ్లు ఒరుసుకుపోయేలా ఉతికింది, నేను వీరుణ్నని ఊరేగింది?

“అయిపాయె గద. ఇగ నడుపుండ్రి,” అన్నాడు అంబదాసు.

“ఒక్కటయింది. మిగిలినయి?”

“గన్నిటికి రేకు ఏడ దొరకాలె?”

“నీ ఇంట్ల నూనె డబ్బాలు లేవా అన్నా? పప్పుల పోపేస్తలేరా?”

పక్క సాంచాల పనివాళ్లలో ఎవరో నవ్వారు. అంబదాసు అటు తిరిగి చూస్తే ఎవరూ నవ్వలేదు. స్వరూప కూతురి వైపు చెయ్యి చాచింది. “గా చాక్‌పీసు ఇటియ్యి.” నన్ను పట్టుకుని సాంచా ఇనుము మీద రాయబోయింది. జిడ్డు మీద నేను జర్రున జారాను. ఒక్క గీత పడలేదు. గ్రీజుతో యుద్ధం చేసిన వీరుడి చివరి పోరాటం అదీ. ఆమె విసుక్కుని గోడ దగ్గరికి పోయింది. సున్నం పోయి బూడిదరంగు తిరిగిన గోడ మీద వంకర అక్షరాలతో, నేను దాదాపు పూర్తిగా అరిగేదాకా అదిమి రాసింది: మూతలు పెట్టేదాక నడవయి. సందు ఖాళీ చెయ్యాలె.

బల్ల మీద ఎన్నో రాశాను, అన్నీ తుడిచేశారు. నాతో రాసిన మాటకు సాంచాలు ఆగి ఉండటం ఇదే మొదలు.

అప్పటికి నర్సవ్వ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. చున్నీని వేళ్లతో తడిమింది. గోడ మీద రాసింది చదవడం ఆమెకు రాదు. చక్రాలను మాత్రం ఒక్కొక్కటీ చూసింది. జోషిత భయంగా అడిగింది: “బాపమ్మా, కండెల కాడ కూసోవాల్నా?”

“గీడ కూసుంటె గీ చక్రం పండ్ల నడుమనే గద బతుకు. బడికి నడువ్.”

“మరక ఉన్నది. చాక్‌పీసు అయిపాయె.”

“అయితె మంచిదే. కనవడనీ. నల్లా కాడ నిలవెడితె ఎండ తాకుతది, మింగదు గద.” ఆ ముసలామె కింద పడ్డ సంచిని దులిపి తనే మనవరాలి భుజానికి తగిలించింది.

జోషిత వెళ్లింది. ఆగిన సాంచాల మధ్య నుంచి, చివరి చక్రం మీది డబ్బా మూతను చేత్తో ఒకసారి తాకి, వెళ్లింది. నేను గోడ కింద దూది నుసిలో శనగగింజంత మిగిలాను. ఇక నాతో ఏదీ కప్పలేరు. నాకు చేతనైనది మాట్లాడటమే, అది చేస్తున్నాను, వినండి.

పెద్దసారూ, జోషిత బజారు దాటి మీ గేటు వైపు వస్తోంది. కుడి తుంటి మీద మరక ఉంది. చున్నీకి కొస లేదు. నల్లా వైపు వేలు చూపించకండి. క్లాసులోకి పిలిచి, తన చోట కూర్చోబెట్టండి. కూర్చోబెట్టాక అడగండి, ఇదెట్లా పడిందమ్మా అని. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. మీ బడిలో అలాంటి మరకలతో ఇంకెంతమంది వస్తున్నారో వాళ్లనూ అడగండి, వాళ్ల ఇళ్లకు వెళ్లి దారులు చూడండి.

అంబదాసూ, నీ చాయ్ అయిపోయింది. డబ్బాలు కోయించు. ప్రతి పళ్ల చక్రానికీ మూత బిగించు. సందులోంచి బీములూ బస్తాలూ తీసి బయట పెట్టు. సోమవారం అనకు. ఇవాళే, బడి విడిచాక ఆ పిల్ల ఇంటికి తిరిగొచ్చేలోపు.